స్టీరింగ్ బాక్స్ మార్చాక ఎడమకు 2 రౌండ్లు, కుడికి ఒకటింబావే. తేడా ఎక్కడ?

కొండదారి
నాది లిఫ్ట్ చేసిన ట్రక్. నిచ్చెన ఛాసిస్, ముందు సాలిడ్ యాక్సిల్, కాయిల్ స్ప్రింగులు, 4 అంగుళాల లిఫ్ట్, 35 అంగుళాల టైర్లు. పాత స్టీరింగ్ బాక్స్ సెక్టర్ షాఫ్ట్ (బాక్స్ నుంచి బయటికి వచ్చే ఇరుసు) దగ్గర ఆయిల్ కారుతుండేది, స్టీరింగ్ చక్రంలో ప్లే (తిప్పినా టైర్లు కదలని వదులు) కూడా బాగా పెరిగింది. అందుకని దాన్ని తీసేసి రీబిల్డ్ చేసిన సాగినా 800 పవర్ బాక్స్ పెట్టించాను. బాక్స్ కూర్చునే ప్లేటు మాత్రం నాకు ముందు ఈ బండి వాడినాయన తయారు చేయించుకున్నదే, దాన్ని అలాగే ఉంచేశాం.

ఇప్పుడు సంగతేమిటంటే, టైర్లు నేరుగా పెట్టి అక్కడి నుంచి లెక్కపెడితే స్టీరింగ్ ఎడమకు 2 రౌండ్లు తిరుగుతోంది, కుడికి ఒకటింబావుకే ఆగిపోతోంది. నేరుగా పోయేటప్పుడు ప్లే పాత బాక్స్‌లో ఉన్నంతా ఉంది. కాస్త ఎడమకు తిప్పగానే ఒకచోట బిగుసుకుంటుంది, అది దాటితే మళ్ళీ వదులే. మలుపు తిరిగాక చక్రం తనంతట తాను వెనక్కి రావట్లేదు. కొత్తగా వేసిన బాక్సే పాడైందా? విప్పి వెనక్కి పంపేయాలా?

స్పానర్_సూరి
బాక్స్ మూత మీద లాక్‌నట్టుతో ఒక స్క్రూ ఉంటుంది చూడు. నట్టు వదులు చేసి స్క్రూ పావు రౌండు బిగించు, ప్లే పోతుంది. దానికి బాక్స్ విప్పడం ఎందుకు?

గేర్ఆయిల్
సూరీ, ఆగు. కొండదారీ, ఆ స్క్రూ జోలికి ఇప్పుడే పోవద్దు.

నువ్వు చెప్పిన రెండు లక్షణాలూ కలిపి చూడు. నేరుగా ఉంటే వదులు, కాస్త ఎడమకు తిప్పితే బిగుతు. ఈ రకం రీసర్క్యులేటింగ్ బాల్ (లోపల గుండ్లు దొర్లే) బాక్సుల్లో సెక్టర్ పళ్ళను మధ్యలో బిగుతుగా, రెండు చివరలకు పోయేకొద్దీ వదులుగా ఉండేట్టు కావాలనే కోస్తారు. బండి ఎక్కువసేపు నేరుగానే పోతుంది కదా, అక్కడ ప్లే ఉండకూడదని ఆ ఏర్పాటు. నీకు ఎడమవైపు తగులుతున్న ఆ బిగుతు చోటే బాక్స్‌కి అసలు మధ్య. టైర్లు నేరుగా ఉన్నప్పుడు బాక్స్ తన మధ్యలో లేదు, పక్కకు జరిగి ఉంది.

ఇప్పుడున్న వదులు చోట ప్లే పోయేదాకా స్క్రూ బిగించావనుకో, చక్రం అసలు మధ్య మీదుగా పోయిన ప్రతిసారీ పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. అప్పుడు నిజంగానే బాక్స్ పాడవుతుంది.

లెక్కల_మాష్టారు
గేర్ఆయిల్ గారు చెప్పింది అంకెలతోనూ సరిపోతోందండి. 2కి 1.25 కలిపితే మొత్తం 3.25 రౌండ్లు. అందులో సగం 1.625. అంటే మీ నేరు చోటు నుంచి ఎడమకు 0.375 రౌండు, అనగా 135 డిగ్రీలు తిప్పితే బాక్స్ మధ్యకు చేరుతుంది. కొండదారి గారూ, బిగుతు తగిలేది దాదాపు అక్కడేనా?

బాక్స్ రేషియో 14:1 అనుకుందాం. పైన 135 డిగ్రీలంటే కింద పిట్‌మన్ ఆర్మ్ (సెక్టర్ షాఫ్ట్ కొనకు బిగించి ఊగే చేయి) దగ్గర 9.6 డిగ్రీలు. ఆర్మ్ పొడవు రంధ్రం మధ్య నుంచి రంధ్రం మధ్యకు 6 అంగుళాలైతే దాని కొన ఉండాల్సిన చోటు నుంచి సరిగ్గా ఒక అంగుళం పక్కన ఉన్నట్టు. మీరు వెతకాల్సింది ఆ అంగుళాన్నేనండి.

కొండదారి
చక్రం మీద టేపు అతికించి చూశాను మాష్టారూ. మూడో వంతు రౌండు దాటగానే బిగుతు వస్తోంది, మీ లెక్క ఎక్కడ చెప్పిందో అక్కడే. ఆర్మ్ పొడవూ 6 అంగుళాలకు అటూ ఇటూగా ఉంది. బాక్స్ మీద అనుమానం చాలావరకు పోయింది, థాంక్స్.

డీజిల్_మామ
గా స్క్రూ ముట్టుకుంటే ఏదో కొంప మునుగుతదన్నట్టు చెప్తున్నరు. నేను ఎన్నో బండ్లకు ఇంజిన్ చాలు జేసి, చక్రం అటు ఇటు తిప్పుకుంట బిగించిన. ఒక్క బండి గూడ తిరిగి రాలే.

గేర్ఆయిల్
మామా, బాక్స్ మధ్యలో ఉండి, లోపల బేరింగులు బాగుంటే నీ పద్ధతి పనిచేస్తుంది. కానీ ప్లే అనేది రెండు చోట్ల నుంచి రావచ్చు. వర్మ్ షాఫ్ట్ (స్టీరింగ్ తిప్పితే బాక్స్ లోపల తిరిగే మర ఇరుసు) బేరింగులు వదులైనా వస్తుంది, సెక్టర్ పళ్ళు అరిగినా వస్తుంది. మూత మీది స్క్రూ సర్దేది రెండోదాన్నే. ముందు డ్రాగ్ లింక్ (పిట్‌మన్ ఆర్మ్‌ని చక్రాల వైపు కలిపే రాడ్) విడదీసి, ఇన్‌పుట్ షాఫ్ట్‌కి చిన్న టార్క్ రెంచ్ తగిలించి వర్మ్ బేరింగ్ బిగుతు చూడాలి. అది సరిగ్గా ఉంటేనే బాక్స్ మధ్యలో పెట్టి సెక్టర్ బిగుతు చూడాలి. వర్మ్ బేరింగ్ ప్లేని సెక్టర్ స్క్రూతో కప్పిపెడితే ప్లే తగ్గినట్టే ఉంటుంది, చక్రం మాత్రం వెనక్కి రాదు. రీబిల్డ్ చేసినవాళ్ళు ఇదంతా బెంచ్ మీద కొలిచే పంపి ఉంటారు, దాన్ని మనం కెలకడం ఎందుకు అంటున్నా.

డీజిల్_మామ
వర్మ్ బేరింగ్ ముందుగాల చూడాలె, గా మాట ఒప్పుకుంట. కొండదారి బండిల స్క్రూ ముట్టుడు వద్దు, సరే. పాత బండ్లకు మాత్రం నా పద్ధతి నాదే.

కొత్తచక్రం
ఆ అంగుళం తేడాకి డ్రాగ్ లింక్ పొడవు సర్దే బదులు పిట్‌మన్ ఆర్మ్‌ని ఒక పన్ను జరిపి ఎక్కిస్తే సరిపోదా అన్నా?

బురదబండి
ఈ బాక్స్‌కి కుదరదు తమ్ముడూ. సెక్టర్ షాఫ్ట్ మీద 90 డిగ్రీలకొకటి చొప్పున నాలుగు వెడల్పు స్ప్లైన్లు ఉంటాయి. ఆర్మ్ ఆ నాలుగు చోట్లే ఎక్కుతుంది. ఎవరో లోపలి స్ప్లైన్లు గ్రైండర్‌తో అరగదీసి పక్కకు జరిపి ఎక్కించిన ఆర్మ్ ఒకటి నేను చూశాను. ఆ బండిని అక్కడి నుంచి కదలనివ్వకుండా తాళాలు తీసేసుకున్నాం.

ఆర్మ్ తీసేటప్పుడు పుల్లరే వాడాలి. షాఫ్ట్ కొన మీద సుత్తి దెబ్బ పడితే ఆ దెబ్బ లోపల పళ్ళకూ, బాల్స్ నడిచే గాడికీ తగులుతుంది. బిగించేటప్పుడు ఆ నట్టుకి 185 ఫుట్ పౌండ్లు, అంటే 250 న్యూటన్ మీటర్ల దాకా అడుగుతాయి ఈ బాక్స్ ఉన్న చాలా బండ్ల మాన్యువల్స్. మామూలు చేతి పానాతో అంత రాదు. పొడవాటి టార్క్ రెంచ్ ఎవరి దగ్గరైనా తెచ్చుకోండి.

వెల్డింగ్_వీర
అందరూ అంగుళం తేడాని ఎలా సర్దాలా అని చూస్తున్నారు. అసలు ఆ అంగుళం ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కరూ అడగలేదు. పాత బాక్స్‌తో రెండువైపులా సమానంగా తిరిగేదా? అప్పుడు సరిగ్గా ఉండి ఇప్పుడు తేడా వచ్చిందంటే బాక్స్ చోటు మారిందన్నమాట. లేదా బాక్స్ పట్టుకున్న ఇనుము మారింది.

కొండదారీ, ఒక పని చెయ్యి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టు. బండి నేల మీదే ఉండాలి, జాకీ వద్దు. ఒకరిని లోపల కూర్చోబెట్టి ఇంజిన్ ఆన్‌లో చక్రాన్ని కొంచెం కొంచెం అటూ ఇటూ తిప్పమను. నువ్వు ముందు మడ్‌గార్డు పక్క నుంచి లైటు వేసి బాక్స్ ఛాసిస్‌కి ఆనే చోటు చూడు. కిందకు దూరకు.

కొండదారి
పాత బాక్స్‌తో ఎలా తిరిగేదో ఎప్పుడూ లెక్కపెట్టలేదు వీరన్నా. నువ్వు చెప్పిన పరీక్ష చేశాం. బాక్స్ కదులుతోంది. బోల్టులు వదులేమీ లేవు, పానా పెట్టినా తిరగట్లేదు. ఛాసిస్ బయటి గోడే బాక్స్‌తో పాటు లోపలికీ బయటికీ ఆడుతోంది. ముందు కింది బోల్టు రంధ్రం నుంచి కిందకు సన్నటి గీత ఒకటి కనిపిస్తోంది. పెయింటు పగిలిందో, ఇనుమే పగిలిందో తెలియట్లేదు.

బురదబండి
ఇక ఆ బండిని నడపొద్దు. దగ్గరికే కదా అని కూడా తీయొద్దు.

వెల్డింగ్_వీర
బురదబండి మాటే నా మాట. వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

మీ ఛాసిస్ పెట్టె ఆకారంలో ఉంటుంది, లోపల ఖాళీ. బాక్స్ బోల్టులు ఒక గోడలో దూరి రెండో గోడలో తేలతాయి. మధ్యలో ఏ ఆసరా లేకుండా బిగిస్తే రెండు గోడలూ దగ్గరికి నొక్కుకుంటాయి. పానాకు గట్టిగానే తెలుస్తుంది, కానీ ఆ గట్టిదనం బోల్టు సాగి వచ్చింది కాదు, రేకు వంగి వచ్చింది. 35 అంగుళాల టైరు రాళ్ళ మధ్య ఇరుక్కున్నప్పుడు పవర్ బాక్స్ తోసే బలమంతా ఆ వంగిన రేకు మీదే పడుతుంది. రంధ్రం అంచున పగులు మొదలవడం అందుకే. లోపల మందమైన ఉక్కు గొట్టం ముక్కలు, అంటే స్లీవులు ఉన్నాయా చూడు. బోల్టు ఒకటి తీసి రంధ్రంలోకి లైటు వేస్తే తెలిసిపోతుంది. లేవనే నా అనుమానం.

పగులు సంగతి తేల్చాలంటే బాక్స్ దించి, అక్కడ పెయింటంతా ఒలిచి, మెరిసే ఇనుము కనిపించాక డై పెనెట్రెంట్ కొట్టు. ఎర్ర రంగు వేసి, కాసేపు ఆగి, తుడిచేసి, పైన తెల్ల డెవలపర్ కొడితే పగులున్న చోట ఎర్ర గీత పైకి తేలుతుంది. కంటికి కనిపించే చివర కంటే పగులు ముందుకు పోయి ఉంటుంది, అందుకే ఈ తతంగం. నిజమైన చివర ఎక్కడో తెలిశాక అక్కడ చిన్న రంధ్రం వేస్తే అది ఇంకా పాకకుండా ఆగుతుంది. ఆ తర్వాత పగులు వెంట వి ఆకారంలో గాడి తీసి, లోపలిదాకా కరిగేట్టు వెల్డింగ్ చేసి, పైన సాపు చేసి, ఆ మీదట పట్టీ ప్లేటు.

రాళ్ళబాట
వీరన్నా, ప్లేటు వేసేటప్పుడు 10 మిల్లీమీటర్లది వేసేస్తే ఒక్కసారితో తలనొప్పి పోతుంది కదా. నా బండికి అలాగే ఉంది.

వెల్డింగ్_వీర
వద్దు. ఛాసిస్ గోడ 3 లేదా 4 మిల్లీమీటర్లుంటే దాని మీద 10 వేసినప్పుడు ప్లేటు అసలు వంగదు, వంగాల్సినదంతా ప్లేటు అంచు దగ్గర పలుచటి గోడే వంగుతుంది. తర్వాతి పగులు ఆ అంచునే వస్తుంది. ప్లేటు మందం గోడ మందానికి దగ్గరగా ఉండాలి, కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు. కొసలు నిలువుగా కోయకుండా ఏటవాలుగా, చేప తోకలా కోయాలి. ఛాసిస్‌కి అడ్డంగా పైనుంచి కిందకు నిలువు వెల్డింగ్ గీత ఒక్కటి కూడా ఉండకూడదు. మధ్యలో రెండు మూడు రంధ్రాలు వేసి ప్లగ్ వెల్డ్ చేస్తే ప్లేటు గోడకు అతుక్కుని ఉంటుంది.

రాళ్ళబాటా, నీ బండిలో ఆ ప్లేటు అంచులు కడిగి చూసుకో. నిన్ను భయపెట్టాలని కాదు, చూసుకుంటే నాకూ మనశ్శాంతి.

రాళ్ళబాట
రాత్రికే కడుగుతా.

ఫిల్టర్_ఫణి
వెల్డింగ్ ముందు బ్యాటరీ రెండు తీగలూ విప్పండి, వీలైతే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కనెక్టర్ కూడా. ఎర్త్ క్లాంపు వెల్డ్ చేసే చోటికి పక్కనే, అదే ఛాసిస్ ముక్క మీద పెట్టాలి. యాక్సిల్‌కో చక్రానికో పెడితే కరెంటు బేరింగుల్లోంచి పోయి వాటి మీద మచ్చలు పడతాయి. బ్రేక్ పైపులు, పెట్రోలు పైపులు ఆ దారిలో ఉంటే ముందే తప్పించండి.

కొండదారి
బాక్స్ దించేశాం. వీరన్న అనుమానమే నిజం, ఒక్క రంధ్రంలోనూ స్లీవు లేదు. గోడ లోపలికి సొట్టపడి ఉంది. పగులు కూడా నిజమే, కనిపించిన దానికి రెట్టింపు పొడవు తేలింది. పాత ప్లేటు ఒకవైపు వంగి ఉంది, దాంతో బాక్స్ కాస్త వాలి, పక్కకు జరిగి కూర్చుంది. మాష్టారి అంగుళంలో చాలావరకు అక్కడే దొరికినట్టుంది. తెలిసిన వెల్డర్‌తో పని మొదలుపెట్టిస్తున్నా. బోల్టులు పాతవే వాడొచ్చా?

వెల్డింగ్_వీర
వద్దు, కొత్తవి తీసుకో. 10.9 గ్రేడు. మరలేని నున్నటి భాగం స్లీవు పొడవునా వచ్చేంత పొడవు బోల్టు చూడు. బాక్స్ గోడకు ఆనే చోట మర ఉంటే అక్కడే తెగుతుంది. స్లీవులు రెండు గోడలకూ వెల్డ్ అవ్వాలి, ఊరికే లోపల జారుతూ ఉండకూడదు.

రాళ్ళబాట
బాక్స్ దిగే ఉంది కాబట్టి అడుగుతున్నా. బాక్స్ దగ్గర నుంచి ఎదుటి ఛాసిస్ రైలుకు ఒక అడ్డ రాడ్ కూడా వేయిస్తే మంచిది కదా? సెక్టర్ షాఫ్ట్ కొనకు బేరింగ్‌తో ఆసరా ఇచ్చే బ్రేసులు కూడా దొరుకుతాయి.

గేర్ఆయిల్
అడ్డ రాడ్‌కి నా ఓటు. ఒక రైలు ఒంటరిగా మెలిపడకుండా రెండూ కలిసి బలం పంచుకుంటాయి. షాఫ్ట్ కొన ఆసరా మాత్రం చాలా జాగ్రత్తగా పెట్టాలి. దాని బేరింగ్ షాఫ్ట్‌కి వెంట్రుకవాసి పక్కగా కూర్చున్నా షాఫ్ట్‌ని ఎప్పుడూ ఒకవైపు లాగుతూ ఉంటుంది. లోపలి బుష్ అరిగి సీలు కారడం మొదలవుతుంది. పెడితే అన్నీ వదులుగా ఉంచి, బేరింగ్ దానంతట అది షాఫ్ట్ మీద కూర్చున్నాక బ్రాకెట్ బిగించాలి.

డీజిల్_మామ
ఇది కరెక్ట్. గా బ్రేస్ వంకరగ బిగించి నెలకో సీలు మార్చుకునేటోళ్ళను చూసిన.

కొత్తచక్రం
నాకూ ఇలాంటి పనే పడబోతోంది, అందుకే అడుగుతున్నా. నా పాత ట్రక్‌లో డ్రాగ్ లింక్ ముందుకూ వెనక్కూ తోస్తుంది. దాన్ని పక్కకు తోసే పద్ధతికి మార్చాలంటే ఏ బాక్సైనా పడుతుందా?

రాళ్ళబాట
పడదు. ఆర్మ్ ఎటు ఊగుతుందన్నదే అసలు విషయం. అమెరికాలో అమ్మిన 1979 నుంచి 1985 దాకా సాలిడ్ యాక్సిల్ టొయోటా పికప్పుల్లో నువ్వు చెప్పిన ముందూ వెనకా పద్ధతే ఉండేది. లిఫ్ట్ పెంచేకొద్దీ స్ప్రింగు కదిలినప్పుడల్లా డ్రాగ్ లింక్ చక్రాన్ని తిప్పేస్తుంటుంది. అందుకని చాలామంది 1986 నుంచి వచ్చిన ఐఎఫ్ఎస్ (ముందు చక్రాలు విడివిడిగా కదిలే సస్పెన్షన్) మోడల్ బాక్స్ తెచ్చి ఛాసిస్ బయటివైపు బిగించి, డ్రాగ్ లింక్‌ని అడ్డంగా ఎదుటి నకిల్‌కి (చక్రాన్ని మోస్తూ తిరిగే ముక్కకి) కలిపారు. బాగా నలిగిన దారే అది.

ఇంకో సంగతి. ఆర్మ్ ముందుకు చూసేలా పెట్టాల్సిన బాక్స్‌కి వెనక్కి చూసేలా పెట్టినా, బాక్స్‌ని తలకిందులుగా బిగించినా, ఎడమకు తిప్పితే బండి కుడికి పోతుంది. దొంగలు ఎత్తుకుపోయినా గేటు దాటించలేరు, అదొక్కటే లాభం.

కొత్తచక్రం
హహ, అలాంటి లాభం నాకొద్దన్నా. ఇన్‌పుట్ షాఫ్ట్ సంగతి? కప్లింగ్ దానికి పడుతుందా?

బురదబండి
కొనేముందు కొలువు. ముప్పావు అంగుళం మందంలోనే 30 స్ప్లైన్లవి, 36 స్ప్లైన్లవి రెండూ ఉన్నాయి. కంటికి ఒకేలా కనిపిస్తాయి. బలవంతంగా దూర్చితే ఎక్కినట్టే ఎక్కి తర్వాత జారిపోతుంది. గొట్టాల నట్లు కూడా అంతే. పాత సాగినా బాక్సుల్లో అంగుళాల ఫ్లేర్ ఫిట్టింగులు, 1980 తర్వాత వచ్చినవాటిలో మెట్రిక్ ఓ-రింగ్ ఫిట్టింగులు, ఒకటి 16 మిల్లీమీటర్లు, ఇంకొకటి 18, పిచ్ రెండింటికీ 1.5. ఫ్లేర్ గొట్టాన్ని ఓ-రింగ్ రంధ్రంలోకి బిగిస్తే కారుతూనే ఉంటుంది.

కొండదారి బండికి కూడా ఒక మాట. ప్లేటు మారింది కాబట్టి బాక్స్ కోణం మారుతుంది, కాలమ్ నుంచి బాక్స్‌కి వచ్చే ఇంటర్మీడియట్ షాఫ్ట్ కోణం కూడా మారుతుంది. బాక్స్ బోల్టులు పూర్తిగా బిగించే ముందే చక్రం ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడు. ప్రతి రౌండుకీ రెండుసార్లు బిగుసుకుంటే తప్పు క్రాస్ జాయింట్లది, కోణం ఎక్కువైనా, రెండు జాయింట్ల ఫోర్కులు ఒకే వరసలో లేకపోయినా అలా అవుతుంది. మొత్తం తిప్పుడులో ఒక్కచోటే, సరిగ్గా మధ్యలో బిగుతు వస్తే అది బాక్స్ మామూలు గుణం. ఒక్కో జాయింట్ 30, 35 డిగ్రీల లోపే ఉండాలి. మూడో జాయింట్ పెట్టాల్సి వస్తే మధ్యలో ఆసరా బేరింగ్ తప్పనిసరి, లేకపోతే షాఫ్ట్ మడత పడుతుంది. సైలెన్సర్ పైపుకు తగలకుండా చూసుకో, వేడికి జాయింట్ గ్రీజు కరిగిపోతుంది.

కొండదారి
ఆ రెండుసార్లు, ఒకసారి తేడా ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు, రాసిపెట్టుకున్నా. వెల్డింగ్ పని అయింది. స్లీవులు, చేప తోక ప్లేటు, ఎదుటి రైలుకు అడ్డ రాడ్, అన్నీ వచ్చేశాయి. బాక్స్ ఎక్కించే వరస ఎవరైనా చెప్పండి. నా బండికి ఎయిర్‌బ్యాగ్ కూడా ఉంది.

గేర్ఆయిల్
ముందు ఎయిర్‌బ్యాగ్ సంగతి. షాఫ్ట్ విడదీసి ఉన్నంతసేపూ స్టీరింగ్ చక్రాన్ని సీటు బెల్టుతో కట్టిపడేసి ఉంచు. అది ఇష్టం వచ్చినట్టు తిరిగితే లోపలి క్లాక్‌స్ప్రింగ్ (ఎయిర్‌బ్యాగ్‌కి కరెంటు తీసుకెళ్ళే చుట్ట తీగ) రిబ్బన్ తెగిపోతుంది, ఎయిర్‌బ్యాగ్ పేలదు.

బాక్స్‌ని డ్రాగ్ లింక్ లేకుండా బిగించు. ఇన్‌పుట్ షాఫ్ట్‌ని చేత్తో మెల్లగా ఒక కొసకు తిప్పి, అక్కడి నుంచి రెండో కొసకు ఎన్ని రౌండ్లో లెక్కపెట్టు. కొసల దగ్గర బలం వాడకు. సరిగ్గా సగం వెనక్కి వచ్చి షాఫ్ట్ మీదా బాక్స్ మీదా పెయింటుతో గీత పెట్టు. ఇక ఆ గీత కదలకూడదు.

ఇప్పుడు యాక్సిల్ వైపు. డ్రాగ్ లింక్ లేదు కాబట్టి ముందు చక్రాలు జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, చేత్తో అటూ ఇటూ తిప్పి చూడు. బరువుగా తిరిగితే నకిల్ తిరిగే కీళ్ళు, అంటే బాల్ జాయింట్లో కింగ్‌పిన్‌లో, పట్టేస్తున్నట్టు. చక్రం వెనక్కి రాకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు, బాక్స్‌కి సంబంధమే ఉండదు. బాగుంటే బండి దించి టైర్లు నేరుగా పెట్టు. బాక్స్ గీత మీద, టైర్లు నేరుగా, ఈ రెండింటి మధ్య దూరానికి డ్రాగ్ లింక్ పొడవు సర్దు. స్లీవులో రాడ్ మర కనీసం రాడ్ మందానికి ఒకటిన్నర రెట్లు లోపల ఉండాలి. అంత రాకపోతే కొత్త రాడ్ చేయించు, చివరి రెండు మరల మీద వేలాడదీయకు.

షాఫ్ట్ కలపడం, స్టీరింగ్ చక్రాన్ని నేరుగా పెట్టడం అన్నింటికన్నా చివర. చక్రం నేరుగా కనిపించడం కోసం బాక్స్‌ని మధ్య నుంచి జరిపితే కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

లెక్కల_మాష్టారు
డ్రాగ్ లింక్ బిగించాక దాని వాలు, ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కకు జరగకుండా ఛాసిస్‌కి కట్టే రాడ్) వాలు రెండూ ఫోన్‌లోని కోణం యాప్‌తో కొలవండి. రెండూ సమాంతరంగా, పొడవులోనూ దగ్గరగా ఉంటే స్ప్రింగు కదిలినప్పుడు చక్రం తిరగదు. ట్రాక్ బార్ అలాగే వదిలేసి ఒక్క పిట్‌మన్ ఆర్మ్‌నే కిందకు దింపే డ్రాప్ ఆర్మ్ వేసిన బండ్లలో గుంత పడ్డప్పుడల్లా స్టీరింగ్ లాగేది ఇందుకేనండి. పైగా డ్రాప్ ఆర్మ్ పొడుగు పెరిగేకొద్దీ సెక్టర్ షాఫ్ట్‌ని మెలిపెట్టే బలం కూడా పెరుగుతుంది.

బురదబండి
అన్నిటికంటే ముఖ్యమైనది ఎవరూ చెప్పలేదింకా. చక్రాలు లేపి కొసదాకా తిప్పినప్పుడు నకిల్ మీది స్టాప్ బోల్టు ముందు తగలాలి, బాక్స్ లోపలి హద్దు ఆ తర్వాత. తారుమారైతే పంపు ఒత్తిడి మొత్తం బాక్స్ తన పళ్ళతో తానే ఆపుకోవాలి. సెక్టర్ షాఫ్టులు విరిగేది అక్కడే. ఇప్పటిదాకా నీ బండి కుడివైపు ఒకటింబావుకే ఆగిందంటే అది బాక్స్ హద్దే అయి ఉంటుంది.

కొండదారి
అదేనన్నా. పాత కుదురులో కుడివైపు స్టాప్ బోల్టుకి వేలు దూరేంత సందు మిగిలేది, టైరు తగలకుండా కావాలనే అలా పెట్టారేమో అనుకున్నా.

ఫిల్టర్_ఫణి
గొట్టాలు కలిపే ముందు పాత ఆయిల్ పూర్తిగా పారబోయండి. పాత బాక్స్ అరిగిన ఇనుప రజను పంపులోనూ గొట్టాల్లోనూ కూలర్‌లోనూ ఉంటుంది, అది కొత్త బాక్స్ వాల్వ్‌లోకి పోతే ఒకవైపు తేలిక, ఒకవైపు బరువు అవుతుంది. ఏ ఆయిల్ అన్నది పంపు మాన్యువల్ చెప్పినట్టే, కొన్నింటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్), కొన్నింటికి పవర్ స్టీరింగ్ ఫ్లూయిడ్, కలపొద్దు.

గాలి తీయడానికి ముందు చక్రాలు పైకి లేపి, ఇంజిన్ ఆపే ఉంచి, మెల్లగా ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతూ ఉండండి, ఆయిల్ తగ్గినప్పుడల్లా పోస్తూ. బుడగలు ఆగిపోయేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. తొందరపడి స్టార్ట్ చేస్తే పంపు ఆయిల్‌ని నురగ చేసేస్తుంది, అది సర్దుకోవడానికి గంటలు పడుతుంది. స్టార్ట్ అయ్యాక కూడా కొస దగ్గర అయిదు సెకన్లకు మించి పట్టి ఉంచొద్దు.

రాళ్ళబాట
వీరన్నా, కడిగి చూశా. నా 10 మిల్లీమీటర్ల ప్లేటు వెనక అంచున వెంట్రుకంత గీత ఉంది. మంచి మాట చెప్పావు. బండి ఆపేశా. దీని తర్వాత హైడ్రాలిక్ అసిస్ట్ ర్యామ్ వేద్దామనుకుంటున్నా, అప్పుడు బాక్స్ మీద బరువు తగ్గుతుంది కదా?

వెల్డింగ్_వీర
ముందు ప్లేటు కోసి తీయించు. ఫొటోలు పెడితే ఎక్కడ కోయాలో గీసి ఇస్తా.

గేర్ఆయిల్
ర్యామ్ టై రాడ్‌ని (రెండు ముందు చక్రాలను కలిపే రాడ్‌ని) నేరుగా తోస్తుంది కాబట్టి బాక్స్‌కీ ఛాసిస్‌కీ పని తగ్గుతుంది. 37 అంగుళాలు దాటాక చాలామంది అటే పోతారు. కానీ దానికి బాక్స్‌లో రెండు రంధ్రాలు సరిగ్గా సరైన గదుల్లోకి వేసి మర తీయాలి, పంపు ఎక్కువ ఆయిల్ ఇవ్వాలి, కూలర్ కావాలి. స్టాప్ బోల్టులు, టై రాడ్ గట్టివి లేకపోతే ర్యామ్ వాటినే వంచుతుంది. పగిలిన ఛాసిస్‌కి అది మందు కాదు.

కొండదారి
అయింది. కొసకు కొస 3.25 రౌండ్లు, ఇప్పుడు అటు 1.6, ఇటు 1.6, రెండువైపులా నకిల్ స్టాపులే ముందు తగులుతున్నాయి. బిగుతు చోటు సరిగ్గా నేరుగా ఉన్నప్పుడే వస్తోంది, ప్లే దాదాపు లేదు. మూత మీది స్క్రూ ఎవరూ ముట్టుకోలేదు. ఛాసిస్ గోడ దగ్గర ఎంత తిప్పినా కదలిక లేదు. డ్రాగ్ లింక్, ట్రాక్ బార్ కోణాల మధ్య ఒక డిగ్రీ తేడా.

ఒక్కటే మిగిలింది. మలుపు తర్వాత చక్రం వెనక్కి వస్తోంది గానీ బద్ధకంగా వస్తోంది. నకిల్స్ చేత్తో తేలిగ్గానే తిరుగుతున్నాయి.

స్పానర్_సూరి
అంటే క్యాస్టర్ (ముందు చక్రాలు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) కొలవాలి. లిఫ్ట్ వేసినప్పుడు కంట్రోల్ ఆర్ములు (యాక్సిల్‌ని ఛాసిస్‌కి కట్టే రాడ్లు) పాత పొడవువే ఉంచితే యాక్సిల్ ముందుకు దొర్లి క్యాస్టర్ పడిపోతుంది. ఎంత ఉంది?

కొండదారి
అలైన్‌మెంట్ కాగితంలో రెండువైపులా 3 డిగ్రీల లోపే ఉంది సూరన్నా.

స్పానర్_సూరి
నాకైతే 5 దగ్గర ఉంటే నచ్చుతుంది. పొడవు సర్దుకునే కింది కంట్రోల్ ఆర్ములు వేసి యాక్సిల్ కింది భాగాన్ని ముందుకు తెచ్చుకో. అయితే క్యాస్టర్ పెంచేకొద్దీ డిఫరెన్షియల్ ముక్కు కిందకు వాలుతుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ కోణం పెరుగుతుంది. షాఫ్ట్ వణుకు మొదలైన చోట ఆగి ఒక డిగ్రీ వెనక్కి రా. రెండూ ఒకేసారి దొరకవు.

కొండదారి
సరే, ఆర్ములు ఆర్డర్ పెట్టా. అవి వచ్చేదాకా బండి మామూలు రోడ్డు మీదే. ప్లేటు కొలతలు బొమ్మ గీసి విడిగా పెడతా.

వెల్డింగ్_వీర
మొదటిసారి రాళ్ళలోకి తీసుకెళ్ళి వచ్చాక బాక్స్ బోల్టులు మళ్ళీ టార్క్ చూడు. ప్రతి బోల్టు తల మీద, ఛాసిస్ మీద కలిసేట్టు ఒక పెయింటు గీత గీసిపెట్టు, తిరిగితే దూరం నుంచే తెలుస్తుంది. పిట్‌మన్ నట్టు కూడా. డ్రాగ్ లింక్ కాసిల్ నట్టుకు స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలుపు, వదులు చేసి కాదు. ప్లేటు చుట్టూ బురద కడిగి వెల్డింగ్ అంచులు చూడటం బండి కడిగిన ప్రతిసారీ.

కొండదారి
గీతలు పసుపు రంగువి పెట్టేశా వీరన్నా.